శనక్కాయలు పీకడానికి వెళ్ళిన పిల్ల తిరిగొచ్చేసరికి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బాబు నాలుగో తరగతి, ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూలు. పొద్దున లేస్తే కడుపునొప్పి అంటాడు, ఆదివారం మాత్రం ఆ నొప్పి రాదు. ఈ బడులు బ్రిటిష్ వాళ్ళు గుమాస్తాల కోసం పెట్టినవి, వీటికి మరమ్మతులు చేసి లాభం లేదు, మొత్తం తీసేసి పాతకాలపు గురుకులాల్లాంటివో, ఇంటి చదువో, ఆన్‌లైన్ చదువో తేవాలి, అవునా కాదా అన్నారు. బాబును బడి మాన్పించాలా వద్దా అన్నదే దీని వెనక ఉన్న అసలు ప్రశ్న అనుకుంటాను. దానికి చివర్లో వస్తాను.

నేను 1989లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి 2024లో రిటైరయ్యాను. సర్వీసంతా ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, అందులో పదకొండేళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాలల్లో. అంటే ఒక గది, ఒక వరండా, ఒక టీచరు, ఐదు తరగతులు. కాబట్టి నేను చెప్పేదంతా చిన్న తరగతుల గురించే. ఇంటర్, ఎంసెట్ గొడవలు నాకంటే బాగా తెలిసినవాళ్ళు చెప్పాలి.

నా జవాబు ముందే చెప్పేస్తాను. బడిని తీసెయ్యకూడదు. కానీ బడిలో ఒకదాన్ని మాత్రం బాగుచేస్తే సరిపోదు, తీసి తీరాలి. అది తరగతి. వయసు ఎనిమిదేళ్ళు కాబట్టి గదిలో ఉన్న పిల్లలందరూ ఒకే రోజు ఒకే పేజీలో ఉంటారు, జూన్‌లో మొదలుపెట్టిన పుస్తకం ఏప్రిల్‌కి అయిపోతుంది అనే ఆ లెక్క.

ముందు గుమాస్తాల సంగతి. మనకు ఇంగ్లిష్ చదువే పెట్టాలని బ్రిటిష్ అధికారి మెకాలే తన నోట్ రాసింది 1835లో. అంతకు ముందు మన వీధిబడులు ఎలా ఉండేవో ఊహించుకోనక్కర్లేదు, లెక్కలు ఉన్నాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో తన కలెక్టర్లందరినీ బడుల వివరాలు పంపమన్నాడు. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో జవాబు పంపాడు. నేను పనిచేసిన జిల్లాలో చాలా భాగం అప్పుడు బళ్ళారి కిందే ఉండేది, 1882లో విడిపోయింది. అందుకే ఆ నివేదిక నాకు మా ఊరి కథలా అనిపిస్తుంది. జిల్లా జనాభా 9,27,857. బడులు 533, అందులో తెలుగువి 226. చదివే పిల్లలు 6,641 మంది. అంటే సుమారు 140 మంది జనానికి ఒక్క బడిపిల్లవాడు. ఆడపిల్లలు జిల్లా మొత్తానికి 60 మంది. పాతవి తిరిగి తేవాలనేవాళ్ళు ఈ 60 అనే అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

అందులోనే ఇంకో ముచ్చట. పొద్దున బడికి అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేది. మీ బాబు ఆ బడికి వెళ్ళినా కడుపునొప్పి తప్పేది కాదు. పద్యాలు బండెడు అప్పజెప్పేవారు, కానీ అర్థం మాత్రం చిలక్కి తెలిసినంతే తెలుసు అని క్యాంబెలే రాశాడు.

అయితే ఆయన మెచ్చుకున్నది కూడా ఒకటుంది. ఆ బడుల్లో పిల్లల్ని వాళ్ళకు వచ్చినదాన్ని బట్టి జట్లు చేసేవారు. ఇసుకలో అక్షరాలు దిద్దే చిన్నవాళ్ళను, ముందుకెళ్ళిన పెద్దపిల్లలు చూసుకునేవారు. పంతులు పైజట్ల మీద దృష్టి పెట్టేవాడు. ఈ పద్ధతి ఇంగ్లండులో అనుకరించారంటే అందుకు తగినదే అని కూడా రాశాడు. అంటే మన వీధిబడిలో ఉన్న మంచిని వాళ్ళు పట్టుకెళ్ళారు. మనకు మాత్రం ఏడాదికొక తరగతి, తరగతికొక పుస్తకం, పుస్తకానికొక పరీక్ష మిగిలాయి. ఇందులో వాళ్ళ కుట్ర ఎంతో నాకు పట్టదు. మనం స్వతంత్రులమై ఇన్నేళ్ళైనా దాన్ని అంటిపెట్టుకుని ఉన్నాం కదా, అది పడుతుంది.

ఇప్పుడు శీర్షికలో చెప్పిన పిల్ల గురించి. తొంభైల మొదట్లో నా దగ్గర మూడో తరగతి చదివేది. మా వైపు దసరా దాటితే శనక్కాయల పీకుడు. ఇంట్లో పెద్దవాళ్ళు చేనుకు పోతే చంటిబిడ్డను చూసుకోవడానికి ఈ పిల్ల కూడా పోవాలి. ఆరు వారాలు కనబడలేదు. తిరిగి వచ్చేసరికి తెలుగులో నాలుగు పాఠాలు, లెక్కల్లో రెండు అధ్యాయాలు దాటిపోయాం. నేను ఆగలేదు. ఆగితే సిలబస్ అవదు. ఆ పిల్ల చేతిరాత ముత్యాల్లా ఉండేది. బోర్డు మీదిది ఉన్నదున్నట్టు ఎక్కించేది. చదవమంటే తల దించేది. నాలుగుకు పంపాను, ఐదుకు పంపాను. హాజరు ఉంది, నోట్సు ఉంది, ఏం పెట్టి ఆపాలి? ఐదు అయిపోయాక వాళ్ళమ్మ బడికొచ్చి, ఊళ్ళోకి వచ్చిన ఒక పెండ్లిపత్రిక చూపించి, "ఐదు చదివింది కద సార్, ఇందులో ఊరి పేరు కూడా చదవలేకపోతోంది, ఏమి చదివినట్టు?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. ఆ పిల్ల హైస్కూలుకు వెళ్ళలేదు. అది నా ఖాతాలోదే.

ఇది నా ఒక్కడి బడి కథ అయితే రిటైరయ్యాక మర్చిపోదును. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివించి చూస్తోంది, అసర్ అంటారు ఆ నివేదికను. 2024లో కూడా దేశంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సగం కంటే కొంచెం తక్కువే. మిగతా సగం మంది బడిలో లేరని కాదు. బడిలోనే ఉన్నారు. తమకు అర్థం కాని పేజీ ముందు కూర్చున్నారు.

మా వైపు నుంచి మదనపల్లె ఎంతో దూరం కాదు. అక్కడి రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న ఏకోపాధ్యాయ బడులు నడుపుతున్నారని విని, ఒక వేసవికి ముందు ఇద్దరు టీచర్లం వెళ్ళి చూశాం. జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన ఆ పెద్ద స్కూలు కాదు నేను చెప్పేది, దాని పక్కన పల్లె పిల్లల కోసం పెట్టిన బడులు. లోపలికి వెళ్ళగానే నాకు మొదట చిరాకు వేసింది. టీచరు ఎక్కడున్నాడో కనబడలేదు. బోర్డు ముందు ఎవరూ లేరు. పిల్లలు నాలుగైదు చోట్ల గుంపులుగా నేల మీద కూర్చున్నారు. కాసేపటికి అర్థమైంది. గోడ మీద నిచ్చెనలా ఒక పెద్ద పటం. దాని మెట్ల మీద బొమ్మలు, నంబర్లు. ఒక్కో మెట్టుకు ఒక కార్డు. పిల్లవాడు పొద్దున వచ్చి పటంలో నిన్న తను ఆగిన మెట్టు చూసుకుంటాడు, పెట్టెలోంచి ఆ కార్డు తీసుకుంటాడు. కార్డు మీది గుర్తును బట్టి ఏ గుంపులో కూర్చోవాలో తెలుస్తుంది. కొత్త విషయమైతే టీచరు దగ్గర, సాధన అయితే తోటి పిల్లల దగ్గర, ఆ తర్వాత ఒంటరిగా. కొన్ని మెట్ల తర్వాత వచ్చిందో లేదో చూసే కార్డు. రాకపోతే మళ్ళీ సాధన, వస్తే పైకి. ఏడేళ్ళ పిల్ల, తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒకే కార్డు మీద ఉండొచ్చు, ఎవరూ నవ్వరు.

బడికి పది రోజులు రాని పిల్ల వస్తే ఏం చేస్తారని అడిగాను. ఆ టీచరు నా ప్రశ్న అర్థం కానట్టు చూసి, "ఏముంది సార్, వచ్చి తన కార్డు తీసుకుంటుంది" అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ నేను ఆ మాటే తలుచుకున్నాను. నా బడిలో పాఠం రైలులాంటిది, ఎక్కలేకపోయినవాళ్ళు ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతారు. ఇక్కడ పాఠం పిల్ల కోసం కూర్చుని ఉంది.

తరువాత ఏడాది నా బడిలో సొంతంగా చేసి చూశాను. పాత శుభలేఖలు కత్తిరించి వెనకవైపు రాసి తెలుగుకు, లెక్కలకు కార్డులు చేశాను. మూడు వందలు దాటాయి. మొదటి రెండు నెలలు చేపల మార్కెట్టే. తర్వాత కుదురుకుంది. ఆ దసరా తర్వాత చేనుకు పోయి వచ్చిన ఒక పిల్ల సరాసరి గోడ దగ్గరకు వెళ్ళి తన మెట్టు వెతుక్కుంది. నా ముఖం కూడా చూడలేదు. ముప్పై అయిదేళ్ళలో నాకు దొరికిన పెద్ద సన్మానం అదే. డిసెంబరులో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి "ఇవాళ మూడో తరగతికి ఏ పాఠం?" అని అడిగారు. ఏడుగురు పిల్లలకు ఐదు పాఠాలు, ఏం చెప్పను? సిలబస్ వెనకబడింది అని మెమో వచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన చేతిలో ఉన్న ఫారంలో ఒక తరగతికి ఒక పాఠం రాయడానికే గడి ఉంది.

సంస్కరణలు ఎందుకు ఫలించవని ఎవరైనా అడిగితే నాకు ఆ గడే గుర్తొస్తుంది. రిషి వ్యాలీ పద్ధతి తొంభైల్లోనే కర్ణాటకలో 'నలి కలి' అయింది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి, అక్కడి నుంచి తమిళనాడంతటికీ వెళ్ళింది. మన రాష్ట్రంలోనూ ఆ తరహా కార్డులు ముద్రించి పంపారు. చాలాచోట్ల అవి బీరువా దాటలేదు. కార్డు చినిగితే స్టాక్ రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలి? అంతకు ముందు కేంద్ర ప్రభుత్వ పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కింద వచ్చిన సైన్సు పెట్టెకూ అదే గతి పట్టించాం, నాతో సహా. పిల్లల చెయ్యి తగలకుండా కాపాడి, నాకు తర్వాత వచ్చినాయనకు లెక్కతో సహా అప్పజెప్పాను.

నిరంతర సమగ్ర మూల్యాంకనం కథ ఇంకా విచిత్రం. విద్యాహక్కు చట్టంలో ఉన్నదే అది. ఉద్దేశం మంచిది, ఏడాది చివర ఒక్క పరీక్ష కాకుండా ఏడాదంతా పిల్లను గమనించడం. పదో తరగతికి వచ్చేసరికి అది 80 మార్కుల పరీక్ష, 20 మార్కుల ఇంటర్నల్స్‌గా మారింది. ఇంకేముంది, టౌనులో జిరాక్స్ షాపుల్లో ప్రాజెక్టు పనులు రెడీమేడ్‌గా దొరికేవి. చాలాచోట్ల అందరికీ ఇరవైకి ఇరవై. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ 20 మార్కులు తీసేశారు. పైన ర్యాంకుల బోర్డు అలాగే ఉంచి కింద గమనింపు పెడితే, ఆ గమనింపు కూడా మార్కులే అయిపోతుంది.

ఇక తీసేసి వేరేది పెట్టడం అన్న మాట. అది కొత్త ఆలోచనేం కాదు, నా కళ్ళ ముందే మూడు రకాలుగా జరిగింది.

ఒకటి, ప్రైవేటు బడి. నా కొలీగ్స్‌లో చాలామంది పిల్లలు, దాచడం ఎందుకు, మా అబ్బాయి కూడా, అక్కడే చదివారు. అది నిజంగా మెరుగా అన్నదానికి మన రాష్ట్రంలోనే గట్టి పరిశోధన ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో 180 ఊళ్ళు తీసుకుని, లాటరీ వేసి, సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్ళ పాటు ఫలితాలు చూశారు. తెలుగు, లెక్కల్లో తేడా లేదు. హిందీ మాత్రం ప్రైవేటు పిల్లలకు బాగా వచ్చింది, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పేవారు కాదు. ఇది చదివి నేను సంబరపడబోయి ఆగాను. అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది: ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చు మా దాంట్లో మూడోవంతు కూడా లేదు. అంటే వాళ్ళు తక్కువ జీతాలిచ్చి సాధించినదాన్నే మేము ఎక్కువ జీతాలు తీసుకుని సాధించాం. గర్వపడే విషయం కాదు. కానీ పిల్లవాడి వైపు నుంచి చూస్తే, బోర్డు మారింది, టై వచ్చింది, పేజీ అదే.

రెండు, కరోనా. 2020 మార్చిలో మూసిన చిన్నబడులు మళ్ళీ నిలకడగా నడిచింది 2021 ఆగస్టు 16 తర్వాతే. మధ్యలో కొన్ని వారాలు తెరిచి మళ్ళీ మూశారు. ఆ రోజుల్లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, ఫోన్లలో వీడియోలు వచ్చాయి. మా ఊళ్ళో ఫోను నాన్నతోపాటు పనికి పోయేది. బడి తెరిచాక మూడో తరగతిలో ఉన్నవాళ్ళలో కొందరు బడిని సరిగా చూడనేలేదు, 'అ' దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది. బడి లేని సమాజం ఎలా ఉంటుందో దేశమంతా ఒకేసారి ప్రయోగం చేసి చూసుకున్నాం. ఇంట్లో చదువుకున్న అమ్మానాన్న, ఒక ఖాళీ గది, ఒక ఖాళీ ఫోను ఉన్న పిల్లలు గట్టెక్కారు. ఆడపిల్లల్లో కొందరికి పెళ్ళిళ్ళైపోయాయి. మధ్యాహ్న భోజనం సంగతి సరేసరి.

మూడు, గురుకులం. మీరన్నది కాదు, సర్కారువి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైంది. వాటి నుంచి ఎంతమంది ఎంత పైకొచ్చారో అందరికీ తెలుసు. కానీ పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలతో నడిచే బడి, ఏరగా మిగిలిన పిల్లల సమస్యకు జవాబు కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని సంస్కరణ అనే పిలిచారు. 2022లో 117 జీవో కింద మా వైపు చాలా ప్రాథమిక బడుల్లోంచి 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళకు మార్చారు. చిన్నపిల్లలకు కూడా సబ్జెక్టు టీచర్లు ఉంటారన్నారు. కాగితం మీద బాగుంది. తల్లులు మెయిన్‌రోడ్డు దాటాలని గొడవ చేశారు, కొందరు ఆ వంకతో ప్రైవేటు బస్సు ఎక్కించేశారు. 2025లో ఆ జీవో రద్దయింది. తరగతి ఒక గోడ వెనక నుంచి ఇంకో గోడ వెనక్కి వెళ్ళి వచ్చింది, లోపల ఏమీ కదల్లేదు.

అయితే ఏం చెయ్యాలి? నాకు పెద్ద పథకాలు తెలియవు. ఒకటి నుంచి ఐదు వరకు పొద్దున రెండు గంటలు తరగతులు కలిపేసి, చదవడం, లెక్కలు మాత్రం వచ్చినదాన్ని బట్టి జట్లుగా చెప్పడానికి టీచరుకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ప్రథమ్ వాళ్ళు అనేక రాష్ట్రాల్లో చేసి చూపించినది ఇదే. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో పరీక్షించి చూసినవాటిలో ఇదీ ఒకటి. ఖర్చు లేని పని, ఇన్‌స్పెక్షన్ ఫారంలో ఒక గడి మారాలి అంతే. "ఏ పాఠం నడుస్తోంది?" బదులు "ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారు, పోయిన నెల ఎక్కడున్నారు?" అని అడగాలి.

దానికి టీచరు ఉండాలి కదా. ప్రతి బడికీ కనీసం ఇద్దరు అని 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ చెప్పింది. 2024-25 కేంద్ర లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి, అన్నిటికంటే ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, 12 వేలు దాటి. ఉన్న ఆ ఒక్కడి సమయం కూడా పిల్లలది కాదు. నా చివరి సంవత్సరాల్లో పొద్దున ముఖం ఫోటోతో హాజరు, తర్వాత పిల్లల హాజరు, కోడిగుడ్ల లెక్క, మరుగుదొడ్డి ఫోటో. సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడిన నిమిషాలు లెక్కపెడితే ఒక పాఠం అయ్యేది.

ఇప్పుడు మీ బాబు. బడి మాన్పించే ముందు ఒక పని చెయ్యండి. సర్కారు రెండో తరగతి తెలుగు వాచకం సంపాదించండి. సాయంత్రం ఏదైనా తిన్నాక, టీవీ ఆపి, మీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ పైకి చదవమనండి. తప్పులు దిద్దకండి. తర్వాత పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి ఇవ్వండి, 52లోంచి 27 లాంటిది. ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఇంగ్లిష్‌లో కూడా రెండు వాక్యాలు చదివించి, ఏం అర్థమైందో తెలుగులో చెప్పమనండి.

ఇవి రాకపోతే కడుపునొప్పికి కారణం దొరికినట్టే. రోజుకు ఆరేడు గంటలు అర్థం కాని భాషలో, అర్థం కాని పేజీ ముందు కూర్చోమంటే పెద్దవాళ్ళం మనకైనా వస్తుంది. అప్పుడు స్కూలుకు వెళ్ళి మార్కుల గురించి మాట్లాడకండి. "మావాడు ఇక్కడ ఆగాడు, ఇక్కడి నుంచి చెప్పగలరా?" అని ఒకే ప్రశ్న అడగండి. మిమ్మల్ని విని, పిల్లవాణ్ణి కిందిజట్టులో కూర్చోబెట్టడానికి ఒప్పుకున్న టీచరు దొరికితే ఆ స్కూలు వదలకండి. సిలబస్ అంటూ మాట దాటేస్తే మాత్రం మార్చండి. మార్చేటప్పుడు మీ వీధిలోని సర్కారు బడిని కూడా ఒకసారి లోపలికెళ్ళి చూడండి, బోర్డు చూసి కాదు, టీచరును చూసి. ఇవన్నీ బాగా వచ్చి కూడా ఏడుస్తుంటే సంగతి వేరు. కొట్టడమో, బస్సులో పెద్దపిల్లలు ఏడిపించడమో ఉంటుంది, నెమ్మదిగా ఆరా తీయండి.

ఇంటి చదువు తప్పని నేను అనను. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది, 14 ఏళ్ళు నిండితే ఓపెన్ టెన్త్ కట్టొచ్చు, ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. కానీ ఇంట్లో ఒక పెద్దమనిషి రోజూ నాలుగు గంటలు వాడి కోసమే ఉండగలరా? ఆడుకోవడానికి పదిమంది పిల్లలు ఉన్నారా? రెండింటికీ అవును అంటేనే ఆ ఆలోచన చెయ్యండి. పెద్దవాళ్ళ బదులు ట్యాబు ముందు కూర్చోబెట్టే ఆలోచనైతే వద్దు, కరోనాలో చూశాం.

వాచకం దొరక్కపోతే దగ్గర్లోని ఎం.ఈ.ఓ. (మండల విద్యాధికారి) ఆఫీసులోనో, ఏ టీచరు దగ్గరో పాతది అడిగితే ఇస్తారు. బాబు ఏ వాక్యం దగ్గర ఆగాడో ఒక కాగితం మీద రాసి ఉంచండి. అది చెప్తే అక్కడి నుంచి మొదటి నెలకు కార్డులు ఎలా చేసుకోవాలో రాస్తాను. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే పారెయ్యకండి.